గుంటూరు ఫ్రెంచివారు కట్టిన పట్టణమా?

తెలుగునాట ఫ్రెంచివారి పట్టణం ఏది అని అడిగితే ఎవరైనా ముందుగా యానాం పేరు చెబుతారు. చరిత్రతో కొంత పరిచయం ఉన్నవారు మచిలీపట్నంలోని ఫ్రెంచిపేటను కూడ జ్ఞాపకం చేస్తారు. కొంచెం దూరం పోతే పుదుచ్చేరి ఉండనే ఉన్నది. గుంటూరు పేరు మాత్రం ఎవరి నోటా రాదు. గుంటూరు అనగానే మనకు తోచేది మిరపకాయల ఘాటు, పత్తి బేళ్లు, పొగాకు గోదాములు, కళాశాలలు, కోర్టులు. ఫ్రాన్సు దేశానికీ ఈ నల్లరేగడి నేలకూ సంబంధమేమిటని శ్రోతలు మమ్ము అడిగితే అది న్యాయమైన ప్రశ్నే.

అయితే ఇంగ్లీషువారి ఏలుబడిలో తయారైన గెజిటీర్లను తిరగవేసినప్పుడు గుంటూరు పట్టణాన్ని గురించి ఒక చిన్న వాక్యం కంటబడుతుంది. ఈ పట్టణాన్ని పద్ధెనిమిదవ శతాబ్దంలో ఫ్రెంచివారు స్థాపించినట్లు కనబడుతున్నదని దాని తాత్పర్యం. ఆ వాక్యాన్ని చదివి ఆశ్చర్యపడినవారు కొందరు. అది చదివి మన ఊరి పుట్టుకను పరాయివారికి అంటగట్టినారని నొచ్చుకొన్నవారు మరికొందరు. ఈ మాటలో నిజమెంత? ఫ్రెంచివారు నిజంగా గుంటూరును స్థాపించినారా? స్థాపించి ఉంటే వారి గుర్తులు ఏవి? ఈ ప్రసంగంలో మేము విచారించదలచినది ఈ విషయాన్నే.

ముందు పేరు సంగతి చూతము. వేంగి చాళుక్యరాజు మొదటి అమ్మరాజు క్రీస్తుశకం 922 నుండి 929 వరకు రాజ్యం చేసినాడు. ఆయన వేయించిన ఈడేరు తామ్రశాసనంలో గుంటూరు ప్రసక్తి ఉన్నది. 1147, 1158 సంవత్సరాల శాసనాలలో సైతం ఈ పేరు కనబడుతున్నది. సంస్కృతంలో దీనిని గర్తపురి అన్నారు. గర్తమనగా గుంట. గుంటలో నీరు నిలుస్తుంది. నీరు నిలిచినచోట ఊరు నిలుస్తుంది. పాత గుంటూరులోని అగస్త్యేశ్వరస్వామి ఆలయాన్ని అగస్త్య మహర్షి ప్రతిష్ఠించినాడని స్థలపురాణం. పురాణాన్ని పురాణంగానే తీసుకొన్నప్పటికీ, ఈ ఊరికి వేయి సంవత్సరాలకు పైబడిన ఉనికి ఉన్నదనడానికి శాసనాల సాక్ష్యమే చాలును. ఫ్రెంచివారు ఈ తీరాన అడుగుపెట్టడానికి ఏడువందల సంవత్సరాలకు పూర్వమే గుంటూరు గుంటూరుగా ఉన్నది.

కనుక గెజిటీరు మాట అక్షరాలా నిజం కాదు. కాని అది పూర్తిగా అబద్ధమూ కాదు. ఊరు వేరు, పట్టణం వేరు. ఊరు నీటివలన, పొలంవలన పుడుతుంది. పట్టణానికి మరొకటి కావాలి. అధికారమో, వర్తకమో, దైవమో అక్కడికి వచ్చి కూర్చుండాలి. వేయేండ్ల పల్లె అయిన గుంటూరు ఎప్పుడు పట్టణమైనది, ఎవరివలన అయినది అని అడిగినప్పుడే ఫ్రెంచివారి పేరు వస్తుంది. దానిని తెలిసికొనవలెనంటే మనం గుంటూరును విడిచి, పడమరగా ఇరవై అయిదు కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండవీటికి పోవాలి.

ఈ మైదానానికి కొన్ని వందల సంవత్సరాలపాటు రాజధాని కొండవీడే. పదునాల్గవ శతాబ్దంలో రెడ్డిరాజులు అద్దంకి నుండి తమ సింహాసనాన్ని ఆ గిరిదుర్గానికి తరలించినారు. శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్న పెదకోమటి వేమారెడ్డి కొలువు అక్కడిదే. 1424లో రెడ్డిరాజ్యం అంతరించినది. 1454లో దుర్గం గజపతుల వశమైనది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు దానిని పట్టుకొన్నాడు. 1579లో గోలకొండ సైన్యం దానిని జయించి ఆ సీమకు ముర్తజానగర్ సర్కారు అని పేరు పెట్టినది. 1687లో గోలకొండ కూలిపోగా అది మొగలాయీల చేతికి, తరువాత నిజాముల చేతికి వచ్చినది. రాజులు మారినారు, జెండాలు మారినవి. ఏలుబడి మాత్రం కొండమీది నుండే సాగినది. రైతు సిస్తు చెల్లించినా, ఫిర్యాదు చెప్పుకొన్నా ఆ కొండవైపే చూడవలసి వచ్చినది.

ఆ కొండమీది అధికారాన్ని నేలమీదికి దింపినవారు ఫ్రెంచివారు. అది ఎట్లు జరిగినదో చెప్పడానికి ముందు, వారు ఇక్కడికి ఎందుకు వచ్చినారో చెప్పాలి.

1748లో మొదటి నిజాము అసఫ్‌జా మరణించినాడు. ఆయన కుమారుడు నాసర్‌జంగుకూ, దౌహిత్రుడు ముజఫర్‌జంగుకూ వారసత్వపు తగవు పుట్టినది. పుదుచ్చేరిలో గవర్నరుగా ఉన్న డూప్లే ఈ తగవులో తన కంపెనీకి లాభం చూచుకొన్నాడు. 1750 డిసెంబరులో నాసర్‌జంగు హతుడైనాడు. 1751 ఆరంభంలో ముజఫర్‌జంగు కూడ హతుడైనాడు. అప్పుడు ఫ్రెంచి సేనాని బుస్సీ అసఫ్‌జా మరొక కుమారుడైన సలాబత్‌జంగును సుబేదారుగా నిలబెట్టి, తన సేనతో ఆయన వెంట దక్కనుకు తరలినాడు.

ఈ బుస్సీని తెలుగువారు మూసా బూసీ అన్నారు. ఫ్రెంచిలో అయ్యగారనే అర్థంలో పేరుకు ముందు మొస్యే అంటారు. ఆ మొస్యే మన నోట మూసా అయినది. తరువాతి కాలంలో నిజాము కొలువులో ఉండిన రేమండు అనే ఫ్రెంచి సేనాని మూసా రాముడైనది ఈ విధంగానే. హైదరాబాదులోని మూసారాంబాగు పేరులో ఆయన నేటికీ బ్రతికి ఉన్నాడని చెబుతారు. ఫ్రెంచివారిని మన పెద్దలు పరాసులని పిలిచేవారు. బొబ్బిలి యుద్ధాన్ని పాడే గాథలలోను, పాత దస్తరాలలోను ఈ మాట కనబడుతుంది.

పరాసుల సైన్యం బలమైనది. దాని జీతాలు కూడ భారమైనవే. సలాబత్‌జంగు బొక్కసంలో ఆ జీతాలకు చాలినంత సొమ్ము ఉండేది కాదు. డబ్బు లేని ప్రభువు భూమి ఇస్తాడు. మచిలీపట్నం రేవు ఇదివరకే ఫ్రెంచివారికి దక్కినది. 1752లో కొండవీటి సీమ కూడ వారిదైనది. 1753 చివరిలో బుస్సీ ఔరంగాబాదులో ముస్తఫానగరు, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కార్లు నాలుగింటిని సైన్యపు ఖర్చుల నిమిత్తం వ్రాయించుకొన్నాడు. నిజాంపట్నం మొదలు ఒరిస్సా సరిహద్దు వరకు గల తీరమంతా ఈ విధంగా ఫ్రెంచివారి చేతిలోనికి పోయినది. ఈ మాటను మేము ఒత్తి చెప్పడానికి కారణమున్నది. వారు గుంటూరు సీమకు వచ్చినది నగరం కట్టడానికి కాదు, బడి పెట్టడానికి కాదు, చివరకు బట్టల వర్తకం కొరకు కూడ కాదు. సిపాయిల జీతానికి సిస్తు వసూలు చేసుకొనడానికి వచ్చినారు.

సిస్తు వసూలు చేసేవాడికి కొండకోటతో ఏమి పని? శత్రువు దండెత్తినప్పుడు దాగడానికి కోట మంచిదే. కాని ధాన్యపు బండ్లు కొండ ఎక్కవు. కరణాలు, దేశపాండ్యాలు, జమీందార్ల వకీళ్లు రోజూ మెట్లెక్కి దిగలేరు. గుర్రాలకు, ఎడ్లకు, సిపాయిలకు నీరు పుష్కలంగా ఉండాలి. మచిలీపట్నంలోని ఫ్రెంచి అధికారికి జాబు వ్రాస్తే అది త్వరగా చేరాలి. ఈ అవసరాలకు కొండవీటికన్న మైదానంలోని ఊరే తగినది. ఫ్రెంచివారు తమ కచేరీని కొండవీటి నుండి గుంటూరుకు మార్చినారు. గుంటూరునే ఎందుకు ఎంచుకొన్నారంటే, అక్కడి రెండు పెద్ద చెరువులే కారణమై ఉండవచ్చునని చరిత్ర వ్రాసినవారు చెప్పినారు. ఏ గుంటవలన ఊరికి పేరు వచ్చినదో ఆ నీటివలననే ఊరికి పెద్దరికమూ వచ్చినదన్నమాట.

కచేరీ వచ్చినచోటికి తక్కినవన్నీ వాటంతట అవే వస్తవి. సిపాయిలు ఉంటే బజారు కావాలి. సొమ్ము చేరితే షరాబులు చేరుతారు. లెక్కలుంటే లేఖకులుంటారు. జమీందారులకు పని పడితే విడుదులు లేస్తవి. ఈ సర్కారులోని పెద్ద జమీందారీ వంశాలు, చింతపల్లి వాసిరెడ్డివారు, నరసరావుపేట మల్రాజువారు, చిలకలూరిపేట మానూరివారు మొదలైనవారంతా, తమ లెక్కలు తేల్చుకొనడానికి రావలసిన స్థలం ఇక గుంటూరే. పాత పల్లె పక్కనే కొత్త ఊరు పెరిగినది. పాత గుంటూరు, కొత్త గుంటూరు అనే భేదం ఈనాటికీ మన నోట నిలిచి ఉన్నది. గెజిటీరు వ్రాసిన ఇంగ్లీషు అధికారి చూచినది ఈ పట్టణాన్నే. దాని కింద ఉన్న వేయేండ్ల పల్లె ఆయన కంటికి ఆనలేదు.

ఇంతకూ ఫ్రెంచివారు ఇక్కడ ఎంతకాలమున్నారు? కేవలం ఏడు సంవత్సరాలు. 1754లో డూప్లేను ఫ్రాన్సుకు వెనుకకు పిలిపించినారు. 1757 జనవరిలో బుస్సీ సేన విజయనగరం ప్రభువు పక్షాన బొబ్బిలిపై నడిచి ఆ ఘోరానికి కారణమైనది. 1758లో బుస్సీని దక్కను నుండి తప్పించినారు. ఆ డిసెంబరులోనే చందుర్తి వద్ద కర్నలు ఫోర్డు ఫ్రెంచి సేనను ఓడించినాడు. 1759 ఏప్రిల్ 7వ తేదీ రాత్రి ఇంగ్లీషువారు బందరు కోటలో ప్రవేశించినారు. దానితో తెలుగుతీరంలో ఫ్రెంచివారి రాజ్యాధికారం ముగిసినది. ఏడు పంటల కాలం, అంతే. ఒక మామిడి మొక్క నాటితే కాపుకు వచ్చేటంత కాలం మాత్రమే.

వారి అధికారం పోయినది గాని, గుంటూరుతో వారి కథ ముగియలేదు. అసలు చిక్కు తరువాతనే వచ్చినది. 1765లో ఢిల్లీ పాదుషా ఉత్తర సర్కార్లను ఇంగ్లీషు కంపెనీకి ఫర్మానాగా ఇచ్చినాడు. 1766లో నిజాం ఆలీతో సంధి జరిగినది. అందులో గుంటూరు సర్కారుకు మాత్రం ప్రత్యేకమైన ఏర్పాటు ఉన్నది. అది నిజాము తమ్ముడైన బసాలత్‌జంగుకు జాగీరు. ఆయన బ్రతికి ఉన్నన్నాళ్లు ఆయనకే చెల్లాలి. ఆ తరువాత కంపెనీకి రావాలి. చుట్టూ ఇంగ్లీషు సీమ, నడుమ బసాలత్‌జంగు జాగీరు. ఆయన ఉండేది దూరాన ఆదోనిలో. ఆయన కొలువులో లాలీ అనే ఫ్రెంచి సేనాని కింద ఒక పటాలం ఉండేది. పుదుచ్చేరిని 1761లో పోగొట్టుకొని, ఆ నేరానికి పారిసులో శిరచ్ఛేదం పొందిన లాలీ ప్రభువు ఇతడు కాడు, వేరొకడు.

ఆ పటాలానికి మనుషులు, తుపాకులు ఎట్లు చేరేవి? మోటుపల్లి రేవు గుండా చేరేవి. మోటుపల్లి పేరు మన శ్రోతలకు కొత్త కాదు. కాకతి గణపతిదేవుడు 1244లో సముద్రవర్తకులకు అభయశాసనం వేయించిన రేవు అది. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన సరకును పూర్వరాజులు లాగుకొనేవారనీ, తాను న్యాయమైన సుంకం మాత్రమే తీసుకొందుననీ ఆ శాసనంలో చెప్పినాడు. మార్కోపోలో ముత్ఫిలి అని వర్ణించిన సీమ ఇదే. ఒకనాడు పరదేశ వర్తకుడికి అభయమిచ్చిన ఆ ఇసుకతీరమే, అయిదువందల యేండ్ల తరువాత పరదేశ సిపాయికి దారి అయినది. తాము గెలిచినామనుకొన్న తీరంలోనే ఫ్రెంచివారు చడీచప్పుడు లేకుండ దిగుతున్నారని మద్రాసులోని ఇంగ్లీషు దొరలకు నిద్ర పట్టలేదు.

1779లో మద్రాసు గవర్నరు రంబోల్డు నిజామును సంప్రదించకుండ నేరుగా బసాలత్‌జంగుతో బేరం కుదుర్చుకొన్నాడు. గుంటూరును కంపెనీ కవులుకు తీసుకొనేటట్లు, ఫ్రెంచి పటాలాన్ని తీసివేసి దాని స్థానంలో ఇంగ్లీషు సేనను ఆదోనికి పంపేటట్లు ఒప్పందం. అంతటితో ఆగక, ఆ గుంటూరును ఆర్కాటు నవాబుకు మారుకవులుకు ఇచ్చినారు. ఆదోనికి బయలుదేరిన ఇంగ్లీషు దండు హైదరాలీ సీమ గుండా పోవలసి వచ్చినది. హైదరు దారి ఇవ్వలేదు. తన తమ్ముడితో తనకు తెలియకుండ బేరమాడినందుకు నిజాము మండిపడినాడు. ఇంగ్లీషువారు విడిపించిన ఫ్రెంచి పటాలాన్ని తన కొలువులో చేర్చుకొన్నాడు. 1780లో హైదరాలీ కర్ణాటక మైదానం మీద విరుచుకుపడినాడు. ఆ యుద్ధానికి కారణాలు పెక్కు ఉన్నవి. మాహే రేవును ఇంగ్లీషువారు పట్టుకొనడం వానిలో ముఖ్యమైనది. గుంటూరు బేరం కూడ వానిలో ఒకటి. కలకత్తాలోని వారన్ హేస్టింగ్సు ప్రభుత్వం ఆ బేరాన్ని రద్దుచేసి గుంటూరును బసాలత్‌జంగుకు తిరిగి ఇప్పించినది. రంబోల్డు పదవి పోయినది. ఆయన నడవడిని గురించి లండను పార్లమెంటులో విచారణ జరిగినది. గుంటూరు రైతు ఎన్నడూ చూడని ఆ సభలో గుంటూరు పేరు ఆ విధంగా వినబడినది.

1782లో బసాలత్‌జంగు చనిపోయినాడు. అయినా నిజాము జాగీరును వెంటనే వదలలేదు. 1788లో కార్నువాలిసు గవర్నరు జనరలుగా ఉన్నప్పుడు కెన్నవే అనే అధికారి హైదరాబాదు పోయి మాట్లాడిన మీదట, ఆ సెప్టెంబరులో గుంటూరు ఇంగ్లీషువారికి దక్కినది. సర్కార్ల నిమిత్తం నిజాముకు ఏటేటా చెల్లించవలసిన పేష్కషును 1823లో ఒక్కసారిగా సొమ్ము ముట్టజెప్పి కంపెనీ తీర్చివేసినది.

ఇంగ్లీషువారు వచ్చి కూడ కచేరీని తిరిగి కొండ ఎక్కించలేదు. ఫ్రెంచివారు ఎంచుకొన్న స్థలంలోనే కూర్చున్నారు. 1794లో గుంటూరుకు కలెక్టరు వచ్చినాడు. ఆ తరువాతి కథలో మెచ్చుకొనదగినది తక్కువ. 1832, 1833 సంవత్సరాలలో వానలు లేక వచ్చిన కరవు చరిత్రలో గుంటూరు కరవు అనే పేరుతోనే నిలిచిపోయినది. ఆ సీమలో లక్షమందికి పైగా జనం మడిసినారు. పల్లెలు పాడుపడినవి. సిస్తు ఎందుకు తగ్గినదో విచారించడానికి కంపెనీ 1845లో వాల్టరు ఎలియటును పంపినది. ఎలియటు పని చూచుకొంటూనే అమరావతి స్తూపం వద్ద త్రవ్వించి శిల్పఖండాలను మద్రాసుకు చేరవేసినాడు. అవి తరువాత లండను చేరినవి. జనం చచ్చినందుకు కాక, జమ తగ్గినందుకు విచారణ అధికారి వచ్చినాడన్న సంగతి ఆ కచేరీ స్వభావాన్ని తెలుపుతున్నది. 1859లో జిల్లాను కృష్ణలో కలిపివేసినారు. 1904 అక్టోబరు 1వ తేదీన గుంటూరు మరల జిల్లాకు కేంద్రమైనది. 1866లో పురపాలక సంఘం, 1890లో రైలు, 1885లో నేటి ఆంధ్ర క్రైస్తవ కళాశాలకు మూలమైన విద్యాలయం వచ్చినవి. పత్తి, పొగాకు, మిరప వర్తకాలు ఆ రైలు వెంట పెరిగినవి.

ఇక గుర్తుల సంగతి. ఈ ప్రసంగం సిద్ధం చేసేటప్పుడు మేము ఒక ఉదయం పాత గుంటూరు వీధులలో తిరిగినాము. అగస్త్యేశ్వరాలయం వద్ద మొదలుపెట్టి, పట్నంబజారు, లాలాపేట మీదుగా నడిచినాము. ఒక కొట్టు ముందు కూర్చున్న వృద్ధుని పలకరించి, ఈ ఊళ్లో పరాసు దొరలు కట్టినది ఏదైనా ఉన్నదా తాతగారూ అని అడిగినాము. ఆయన కొంతసేపు ఆలోచించి, "దొరలంటే ఇంగ్లీషువాళ్లేగా బాబూ, ఇంకో దొరలు కూడా ఉన్నారా?" అన్నాడు. మా అన్వేషణకు అదే సమాధానం. ఫ్రెంచివారి కట్టడం అని చూపదగినది గుంటూరులో మాకు ఒక్కటి కూడ కనబడలేదు.

ఇంగ్లీషువారి పేర్లు మాత్రం వీధివీధినా ఉన్నవి. అరండల్‌పేట, బ్రాడీపేట అని మనం నిత్యం పలుకుతూనే ఉంటాము. అవి ఇంగ్లీషు అధికారుల పేర్లన్న స్పృహ కూడ లేకుండ పలుకుతాము. కొండవీటి దగ్గర ఫిరంగిపురం అనే ఊరున్నది. అక్కడి బాలయేసు దేవాలయం ప్రసిద్ధమైనది. ఆ పేరు చూచి అది ఫ్రెంచివారి ఊరని కొందరు అనుకొనవచ్చును. కాని ఫిరంగి అనే మాటకు మన భాషలో పెద్ద తుపాకి అనీ, ఐరోపావాడు అనీ రెండర్థాలున్నవి. పోర్చుగీసువాడూ ఫిరంగే, హాలండువాడూ ఫిరంగే. కనుక ఒక్క పేరును పట్టుకొని ఊరి పుట్టుకను నిర్ణయించడం తొందరపాటవుతుంది.

యానాంతో పోల్చి చూస్తే భేదం తెలుస్తుంది. అక్కడ ఫ్రెంచివారి పాలన 1954 వరకు సాగినది. 1962లో చట్టరీత్యా భారతదేశానికి చెందినది. అక్కడ వారి చర్చి ఉన్నది, వారి చట్టం నడిచినది, వారి భాష బడిలో వినబడినది. పుదుచ్చేరిలో వారి వీధులు గీత గీసినట్లు నేటికీ ఉన్నవి; సముద్రతీరాన డూప్లే విగ్రహం నిలిచి ఉన్నది. మచిలీపట్నంలో వారు రాజ్యం పోయిన తరువాత కూడ ఒక చిన్న స్థలాన్ని 1947 వరకు నిలుపుకొన్నారు. ఫ్రెంచిపేట అనే పేరు దానికి సాక్షి. గుంటూరులో వారు విడిచిపోయినది ఇల్లు కాదు, గుడి కాదు, పేరు కూడ కాదు. ఒక నిర్ణయాన్ని మాత్రం విడిచిపోయినారు: ఈ సీమ వ్యవహారాలు ఇకమీద కొండమీద కాక ఈ చెరువుల పక్కన జరగాలి అన్నది. ఆ నిర్ణయాన్ని తరువాత ఏ ప్రభుత్వమూ మార్చలేదు. నిజాముగారి తమ్ముడు మార్చలేదు, కంపెనీ మార్చలేదు, స్వతంత్ర భారతమూ మార్చలేదు. కట్టడాలు కూలిపోతవి, కచేరీ ఎక్కడ ఉండాలన్న నిర్ణయం మాత్రం కొన్నిసార్లు రాతికన్న గట్టిగా నిలుస్తుంది.

అయితే ఆ నిర్ణయానికి ఆధారమైన చెరువుల గతి ఏమైనది? నల్లచెరువు అనే మాట నేడు గుంటూరులో ఒక పేట పేరు. అక్కడ నిలబడి నీటి కొరకు చూచేవానికి ఇళ్లే కనబడుతవి. నేటి గుంటూరు త్రాగే నీరు కృష్ణానది నుండి గొట్టాల ద్వారా వస్తున్నది. నీరు చూచి పెట్టిన పట్టణం తన నీటిని తానే కప్పివేసికొని, దూరపు నీటికై ఎదురుచూస్తున్నది. ఫ్రెంచివారి గుర్తు పోయినదని మేము విచారించము. వారు చూచి మెచ్చిన నీటి గుర్తు పోయినందుకు మాత్రం విచారించక తప్పదు.

మరొక సంగతి చెప్పి ముగిస్తాము. ఈ పట్టణం సిస్తు వసూలు కొరకు పుట్టినదని అన్నాము. ఆ సిస్తును కట్టము అనే మాట తెలుగునాట గట్టిగా వినబడినది కూడ ఈ జిల్లాలోనే. 1922 ఆరంభంలో పెదనందిపాడు ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వంలో పన్నుల నిరాకరణ సాగించినారు. ఆ ఫిబ్రవరిలోనే పల్నాటిలో పుల్లరి చెల్లించమన్న కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు బలి అయినాడు. గుంటూరు పట్టణం నుండి కొండా వెంకటప్పయ్యగారు, ఉన్నవ లక్ష్మీనారాయణగారు మొదలైనవారు ఆనాటి ఉద్యమాలను నడిపినారు. పరాసుల లెక్కగుమాస్తాలు ఏ రైతుల జమను లెక్కించడానికి ఈ చెరువు గట్టున కూర్చున్నారో, ఆ రైతుల మనుమలు, మునిమనుమలు నూటడెబ్బది యేండ్ల తరువాత ఆ లెక్కనే తిరగవ్రాయమన్నారు.

కనుక గుంటూరును ఫ్రెంచివారు కట్టినారా అన్న ప్రశ్నకు మా సమాధానం ఇది. ఊరిని వారు పుట్టించలేదు. అది శాసనాలకెక్కిన పాత ఊరు. కచేరీని దింపి పట్టణానికి పునాది వేసినది వారే. ఆ పునాదిమీద లేచినది మాత్రం వారు తలచినది కాదు. కచేరీకి వచ్చినవారు బడి పెట్టినారు, బజారు పెట్టినారు, పత్రికలు చదివినారు, చివరకు కచేరీనే ప్రశ్నించినారు. మీలో ఎవరైనా ఈసారి గుంటూరులో రైలు దిగినప్పుడు, కొత్త గుంటూరు చూచిన తరువాత కాసేపు పాత గుంటూరు వైపు కూడ నడవండి. పడమట కొండవీటి కొండలు ఉన్న దిక్కుకు తిరిగి చూడండి. ఆ కొండకూ మీరు నిలబడిన నేలకూ మధ్య ఉన్న ఇరవై అయిదు కిలోమీటర్ల దూరమే ఈ పట్టణపు చరిత్ర.